పాత ఇంజన్ మోత, డబ్బా మీది అంకెలు

వికారాబాదుకూ తాండూరుకూ నడుమ ఉన్న కోట్‌పల్లి వంటి మండల కేంద్రాల్లో పదిహేనేళ్లు దాటిన మారుతి 800లు, జెన్‌లు, అక్కడక్కడా ఒక అంబాసిడర్ ఇంటి ముందు రేకుల కింద వారాల తరబడి నిలిచి ఉండి, పెళ్లికో ఆసుపత్రికో హైదరాబాదు ప్రయాణానికో మాత్రమే బయలుదేరడం కొత్త సంగతి కాదు. రోజువారీ పనులు మోటారు సైకిలుతోనో ఆర్టీసీ బస్సుతోనో తీరిపోతాయి కనుక ఆ కారుకు కదిలే అవసరమే తక్కువ. అటువంటి కారు తాళం తిప్పగానే టకటకమని మోత పెడితే గ్యారేజీలో తరచుగా వినిపించే సలహా, ఇంకొంచెం చిక్కటి ఆయిల్ పోయించమని. పోయిస్తే మోత చాలాసార్లు నిజంగానే తగ్గుతుంది. అయితే మోత తగ్గినంత మాత్రాన లోపలి అరుగుదల కూడా తగ్గిందనడానికి వీల్లేదు. కొన్ని సందర్భాల్లో మోత తగ్గుతూనే అరుగుదల పెరుగుతుంది. ఈ వైరుధ్యం అర్థం కావాలంటే ఇంజన్ లోపల ఆయిల్ చేసే పని ఏమిటో, ఆ పని ఏ క్షణంలో ఆగిపోతుందో ముందుగా చూడవలసి ఉంటుంది.

ఇరుసుకూ బేరింగుకూ మధ్య

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టడం తరతరాలుగా తెలిసిన విద్యే అయినా, నూనె రెండు లోహాలను ఎలా విడదీస్తుందన్నది 19వ శతాబ్దం చివరి దాకా స్పష్టంగా తెలియలేదు. లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించి 1883లో నివేదిక ఇచ్చిన బీచమ్ టవర్ అనే ఇంజనీరు, నూనె పోయడానికి బేరింగు పైభాగంలో వేసిన రంధ్రంలో నుంచే ఇరుసు తిరుగుతున్నప్పుడు నూనె పైకి ఉబికి రావడం గమనించాడు. బిరడా బిగిస్తే బిరడా, దాని బదులు చెక్క ముక్క కొడితే చెక్క ముక్క బయటికి వచ్చేశాయి. పీడనాన్ని కొలిచే మీటరు అమర్చి చూస్తే, ఇరుసు మీద పడుతున్న సగటు భారానికి రెట్టింపును మించిన పీడనం ఆ పలుచని నూనె పొరలో ఉన్నట్టు తేలింది. తిరిగే ఇరుసు తనకు అంటుకున్న నూనెను ఇరుకైన సందులోకి లాక్కుపోయి, అక్కడ పుట్టిన పీడనం మీద తానే తేలుతుందని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితంతో నిరూపించాడు. జోరువానలో వేగంగా పోతున్న కారు టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలడం కూడా ఇదే సూత్రం. అక్కడ ప్రమాదంగా కనిపించేదే ఇంజన్‌లో రక్షణగా మారుతుంది.

ఈ వివరణలో నుంచి మూడు షరతులు బయటపడతాయి: ఇరుసు తిరుగుతూ ఉండాలి, నూనెకు తగినంత చిక్కదనం ఉండాలి, అన్నింటికన్నా ముందు అక్కడ నూనె ఉండాలి. తాళం తిప్పిన మొదటి క్షణాల్లో ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ లోపిస్తాయి. వారాల తరబడి నిలిచిన కారులో నూనె మెల్లగా కిందికి జారి, గ్యారేజీల్లో చాంబర్ అని పిలిచే అడుగు తొట్టిలోకి చేరిపోతుంది. బేరింగుల్లోనూ సిలిండరు గోడల మీదా మిగిలేది పలుచని తడి మాత్రమే. పంపు మళ్లీ నూనెను ఎత్తి, ఫిల్టరు నింపి, సన్నని దారుల గుండా అన్నిటికన్నా పైన, వాల్వులను తెరిచే రాకర్ల దాకా చేర్చే లోపు లోహం లోహాన్ని రాసుకుంటూనే ఉంటుంది. అందుకే ఇంజన్ అరుగుదలను కిలోమీటర్లతో పాటు ఎన్నిసార్లు, ఎంత విరామం తర్వాత స్టార్ట్ చేశారన్న లెక్కతో కూడా చూడవలసి వస్తుంది.

కోట్‌పల్లి మిట్టమధ్యాహ్నం కూడా ఆయిల్‌కు చలే

డబ్బా మీద కనిపించే 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అనే గుర్తులు అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం, అంటే ఎస్‌ఏఈ, ఏర్పరచిన చిక్కదనపు తరగతులు. ఈ సంఘం 1905లో మొదలైంది. ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి విభజించే తొలి పద్ధతిని 1911లో ప్రవేశపెట్టింది. డబ్ల్యూ అక్షరం శీతాకాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబితే, వెనకున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్‌ను స్టార్టింగు కోసం పరీక్షించేది సున్నాకు 15 డిగ్రీలు దిగువన, 5డబ్ల్యూను పరీక్షించేది 30 డిగ్రీలు దిగువన. చలికాలపు తెల్లవారుజామున కూడా 10 డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోయే ఈ ప్రాంతానికి ఆ మొదటి అంకెతో పని లేదని, అది హిమాలయాల్లో తిరిగే వాళ్ల వ్యవహారమని అనుకోవడం సహజం. పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది.

ద్రవాల చిక్కదనాన్ని కొలిచే సెంటీస్టోక్ అనే ప్రమాణంలో గది వేడిమి దగ్గర నీటి విలువ దాదాపు 1. మామూలు 20డబ్ల్యూ-50 ఆయిల్ విలువ 100 డిగ్రీల దగ్గర 18 ప్రాంతంలో ఉంటే, 40 డిగ్రీల దగ్గర 160 ప్రాంతంలో ఉంటుంది. అంటే మే నెల ఎండలో నిలబెట్టిన కారులో సైతం ఆయిల్ తాను పని చేయవలసిన స్థితి కన్నా తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. మనిషికి వడగాలి అనిపించే వేడి ఇంజన్ ఆయిల్ దృష్టిలో చలి కిందే లెక్క. డిసెంబరు ఉదయం 12 డిగ్రీలకు దిగితే అదే ఆయిల్, చిక్కదనం వేడితో మారే తీరును బట్టి వేసే లెక్క ప్రకారం, 900 దాటుతుంది. 5డబ్ల్యూ-30 అదే ఉదయం 250 దగ్గరే ఆగుతుంది. కనుక మొదటి అంకె గడ్డకట్టే చలిని బట్టి నిర్ణయించినదే అయినా, దాని ఫలితం కోట్‌పల్లిలో ప్రతి స్టార్టింగులోనూ కనిపిస్తుంది. రోజూ తిరిగే ట్యాక్సీకి ఈ తేడా అంతగా పట్టదు, ఎందుకంటే దాని ఇంజన్ రోజులో ఒకటి రెండుసార్లే చల్లబడుతుంది. పదిహేను రోజులకోసారి లేచే కారుకు మాత్రం ప్రతి ప్రయాణమూ చల్లని, పొడి ఇంజన్‌తోనే మొదలవుతుంది.

ఒకే ఆయిల్ రెండు అంకెలను మోయగలగడానికి కారణం దానిలో కలిపే పొడవాటి పాలిమర్ అణువులు. చల్లగా ఉన్నప్పుడు అవి చుట్టుకుని ముడుచుకుపోయి ప్రవాహానికి అడ్డు రాకుండా ఉండి, వేడెక్కే కొద్దీ విచ్చుకుని ఆయిల్ మరీ పలుచబడకుండా ఆపుతాయి. ఇంజన్ భాగాల మధ్య నలిగే కొద్దీ ఈ అణువులు తెగిపోయి, వేడిలో ఆయిల్‌ను పలుచబడకుండా ఆపే శక్తి తగ్గుతుంది.

మోత ఎక్కడి నుంచి వస్తోంది

ఆయిల్ మార్చే ముందు మోతను వర్గీకరించడం తప్పనిసరి, ఎందుకంటే ఆయిల్‌తో పోయే మోతలు కొన్నే. మెకానిక్కులు టాపెట్ సౌండ్ అని పిలిచే సన్నని టకటక చప్పుడు, వాల్వును తెరిచే భాగానికీ వాల్వు కాడకూ మధ్య వదిలిన సందు పెరిగినందువల్ల వస్తుంది. లోహం వేడికి సాగుతుంది కనుక మిల్లీమీటరులో పదో వంతు మొదలు నాలుగు పదో వంతుల దాకా, ఇంజన్‌ను బట్టి, ఒక సందును కావాలనే ఉంచుతారు. అరిగే కొద్దీ ఆ సందు పెరిగి దెబ్బ గట్టిపడుతుంది. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టు ఇంజన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఈ చప్పుడు ఇంజన్ వేగానికి సగం లయలో వినిపించడం దాని ఆనవాలు. మారుతి 800 ఇంజన్‌లోనూ అంబాసిడర్ పాత ఇంజన్‌లోనూ ఈ సందును స్క్రూతో సరిచేయవచ్చు. సందును కొలిచే ఫీలర్ గేజ్ చేతబట్టిన మెకానిక్కు గంటలో చేసే ఈ పనికి బదులు చిక్కటి ఆయిల్ పోయడమంటే, సందును అలాగే ఉంచి దెబ్బకు మధ్యలో మెత్తని పొర వేయడం మాత్రమే.

బాక్స్: మోతను బట్టి ఊహించగలిగినవి

స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోయేది ఆయిల్ పైకి చేరడంలో ఆలస్యం. ఇంజన్ ఆగినప్పుడు ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు మూత పాడైతే ఇది ఎక్కువవుతుంది, మంచి ఫిల్టరూ మొదటి అంకె తక్కువగా ఉన్న ఆయిలూ దీన్ని తగ్గించగలవు. చల్లగా ఉన్నప్పుడు బొంగురుగా కొట్టి, వేడెక్కాక మాయమయ్యేది సిలిండరులో వదులైన పిస్టన్ పక్కలకు తగలడం. పిస్టన్ వేడికి సాగి సందు నింపుకుంటుంది కనుక దీనితో కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. వికారాబాదు నుంచి తాండూరు వైపు వెళ్లే అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రమే చిటపటమని వినిపించేది సిలిండరులో ఇంధనం అదుపు తప్పి మండడం. దానికి కారణాలు పేరుకున్న మసిలోనూ స్పార్కు పడే సమయంలోనూ ఉంటాయి, ఆయిల్‌లో ఉండవు. ఇంజన్ అడుగు నుంచి, బరువు పడినప్పుడల్లా, సుత్తి దెబ్బలా వినిపించేది కనెక్టింగ్ రాడ్ బేరింగుది. దీనికి ఏ డబ్బాలోనూ మందు లేదు, కారును ఆపి చాంబర్ విప్పించవలసిందే.

చిక్కదనానికి చెల్లించే ధర

చిక్కటి ఆయిల్ మోత తగ్గించడం భ్రమ కాదు. సందు పెరిగిన బేరింగులో పలుచని ఆయిల్ పక్కలకు కారిపోయి పీడనం నిలవదు. చిక్కటిది ఎక్కువసేపు నిలిచి దెబ్బను మింగుతుంది. వేడెక్కిన తర్వాత, లోపల నిజంగా అరిగిన ఇంజన్‌లో, ఇది లాభమే. నష్టమంతా వేడెక్కక ముందు జరుగుతుంది. చల్లని చిక్కటి ఆయిల్ ఫిల్టరు కాగితం గుండా త్వరగా దూరలేక పీడనం పెరిగితే, ఇంజన్ ఎండిపోకుండా కాపాడే బైపాస్ వాల్వు తెరుచుకుని వడపోత లేని ఆయిల్‌నే లోపలికి పంపుతుంది. చాంబర్ అడుగున ఏళ్లుగా పేరుకున్న నలుసులు బేరింగుల దాకా వెళ్లడానికి ఇదొక దారి. ఆయిల్ లైటు వెంటనే ఆరిపోవడం వల్ల అంతా బాగుందన్న నమ్మకం కలుగుతుంది గాని, పంపు దగ్గర పీడనం ఉన్నంత మాత్రాన చివరి రాకరు దాకా ప్రవాహం చేరినట్టు కాదు.

అందువల్ల ఇక్కడి పరిస్థితికి సరిపడే తర్కం, గ్యారేజీ అలవాటుకు దాదాపు ఎదురుగా ఉంటుంది: రెండో అంకెను తయారీదారు చెప్పిన చోటే ఉంచి, మొదటి అంకెను తగ్గించుకోవడం. 20డబ్ల్యూ-40 మీద పెరిగిన పాత మారుతి 800కు 15డబ్ల్యూ-40 గాని 10డబ్ల్యూ-40 గాని పోస్తే, వేడి మీద పొర దాదాపు అంతే మందంగా ఉంటుంది, స్టార్టింగులో మాత్రం త్వరగా పైకి చేరుతుంది. పెద్ద సందులతో రూపొందిన అంబాసిడర్ పాత ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 తప్పేమీ కాదు, 15డబ్ల్యూ-50 దొరికితే మరీ మంచిది. కొత్త కార్ల కోసం, పెట్రోలు పొదుపు దృష్టితో చేసిన 0డబ్ల్యూ-20 వంటి పలుచని ఆయిల్‌ను అధునాతనమన్న పేరుతో ఈ ఇంజన్లలో పోయడం మాత్రం రెండో అంకెను పోగొట్టుకోవడమే.

నిలిచిన కారులో ఆయిల్‌కు ముసలితనం

అరుదుగా తిరిగే కారు విషయంలో చిక్కదనం కన్నా పెద్ద సమస్య నీరు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సరు గుండా పోయినా, కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి చాంబర్‌లోకి జారుకుంటుంది, రింగులు అరిగిన పాత ఇంజన్‌లో మరికొంత ఎక్కువగా. ఆయిల్ బాగా కాగితే ఆ నీరు మళ్లీ ఆవిరై గాలి గొట్టం దారిన బయటపడుతుంది. కోట్‌పల్లి నుంచి వికారాబాదుకో తాండూరుకో వెళ్లి వచ్చే ప్రయాణంలో అంత వేడి పుడుతుంది. ఊళ్లోనే బస్టాండు దాకా వెళ్లి వస్తే పుట్టదు. పైగా డాష్‌బోర్డులో కనిపించే వేడి ముల్లు రేడియేటరు నీటిది. అది మధ్యకు చేరాక కూడా ఆయిల్ పూర్తిగా కాగడానికి మరికొంత సమయం పడుతుంది. బ్యాటరీ చచ్చిపోకూడదని వారానికోసారి అయిదు నిమిషాలు నిలబెట్టి ఇంజన్ నడిపి ఆపేసే అలవాటు, ఈ లెక్కన చూస్తే, బ్యాటరీకీ చాలని, ఆయిల్‌కు హాని చేసే పని: నీరు పుడుతుంది గాని పోదు, చల్లని ఇంజన్‌కు అవసరమైన అదనపు పెట్రోలు కూడా గోడల మీదుగా చాంబర్‌లోకి దిగుతుంది. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా కలుస్తున్న ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉండడం ఈ ఇబ్బందిని పెంచేదే. డిప్‌స్టిక్ మీద మట్టం నెలల తరబడి తగ్గకపోతే ఆయిల్ ఖర్చు కావడం లేదని సంతోషిస్తారు. తగ్గిన ఆయిల్ స్థానాన్ని పెట్రోలూ నీరూ నింపి ఉండవచ్చన్న సంగతి డిప్‌స్టిక్ చెప్పదు. ఆయిల్ పోసే మూత లోపల లేత గోధుమరంగు జిగురు కనిపిస్తే అది ఆయిలూ నీరూ కలిసిన ముద్ద. రేడియేటరు నీరు కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి, తగ్గకపోతే కారు తగినంత దూరం తిరగడం లేదని అర్థం.

మండిన ఇంధనపు ఆమ్లాలు ఈ నీటిలో కరిగి బేరింగుల మెత్తని లోహాన్ని తినడం మొదలుపెడతాయి. ఆ ఆమ్లాలను చంపడానికి ఆయిల్‌లో కలిపే పదార్థం కోట్‌పల్లి పరిసరాల వాళ్లకు పరాయిది కాదు. తాండూరులో గనుల నుంచి తీసి, పాలిష్ పట్టి, తెలుగు ఇళ్ల నేలల మీద పరిచే నాపరాయి భీమా నదీ పరీవాహక ప్రాంతపు సున్నపురాయి. కరన్‌కోట్‌లోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారానికి ముడిసరుకు కూడా సున్నపురాయే. దానిలోని ప్రధాన ఖనిజమైన కాల్షియం కార్బొనేట్‌నే, మిల్లీమీటరులో లక్షో వంతు స్థాయి రేణువులుగా, చుట్టూ సబ్బు వంటి అణువుల పొర తొడిగి ఆయిల్‌లో తేలేట్టు చేస్తారు. ఆమ్లం తగిలిన చోటల్లా ఈ రేణువులు దానితో చర్య జరిపి తాము ఖర్చయిపోతాయి. డిటర్జెంట్ అని డబ్బా మీద చెప్పుకునే గుణంలో ఇదొక భాగం. ఖర్చయ్యే సరుకు కనుక, కారు తిరిగినా తిరగకపోయినా, తడి ఉన్నంత కాలం అది తరుగుతూనే ఉంటుంది. తయారీదారులు కిలోమీటర్లతో పాటు నెలల గడువును కూడా విధించడానికి ఇదే కారణం. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని కారుకు పది వేల కిలోమీటర్ల ఆయిల్ అంటూ ఖరీదైన సింథటిక్ పోసి నాలుగేళ్లు ఉంచడం కన్నా, మధ్యరకం ఆయిల్‌ను ఫిల్టరుతో సహా ఏటా మార్చడం తెలివైన ఖర్చు. కారును రెండు మూడు నెలలు కదపకూడదని ముందే తెలిస్తే, తిరిగి తీసేటప్పుడు కాక, నిలిపే ముందే మార్చాలి. ఆమ్లం నిండిన పాత ఆయిల్‌లో బేరింగులను నానబెట్టవలసిన అవసరం లేదు.

సింథటిక్ పోస్తే పాత ఇంజన్ కారుతుందన్న మాట కూడా తరచుగా వినవస్తుంది. సింథటిక్ అంటే అణువుల పరిమాణం దాదాపు ఒకేలా ఉండేట్టు శుద్ధి చేసిన లేదా నిర్మించిన నూనె. చలిలో తేలికగా కదలడం, వేడికి త్వరగా గట్టిపడకపోవడం దాని మేళ్లు. ఇప్పటి సింథటిక్‌లు సీళ్లను కొత్తగా పాడుచేయవు. ఎండిపోయిన సీలుకూ దాని సందుకూ అడ్డుపడి ఉన్న పాత మురికి కరిగినప్పుడు లోగడ దాగి ఉన్న లీకు బయటపడడం మాత్రం జరుగుతుంది. లీకుకు మందు కొత్త సీలే.

అంకెల పక్కన అక్షరాలు

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, పెట్టే నాణ్యతా గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు. రెండో అక్షరం ముందుకు పోయే కొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020 నాటిది. పాత కారుకు కొత్త గుర్తు పనికిరాదన్న వాదన వెనుక ఒక సగం నిజం ఉంది. జింకు, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ అనే పదార్థం 1940ల నుంచీ ఆయిళ్లలో కలుస్తోంది; ఆయిల్ పొర తెగిన చోట, రాపిడి వేడికే, లోహం మీద తానొక గాజు వంటి పలుచని పొరగా ఏర్పడి అది క్యామ్‌ను కాపాడుతుంది. భాస్వరం సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది కనుక కొత్త ప్రమాణాలు దానిని తగ్గించాయి. అయితే ఆ పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పలుచని తరగతులకే వర్తిస్తుంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటివి దాని పరిధిలోకి రావు. కనుక పాత ఇంజన్‌కు తగిన చిక్కదనం ఎంచుకుంటే ఈ భయం చాలామేరకు దానంతటదే తీరిపోతుంది.

కందులు పండించే ఇంట్లో ట్రాక్టరు కోసం తెచ్చిన ఆయిల్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అదే కారులోనూ పోయవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. సీఐ-4 వంటి డీజిల్ గుర్తుతో పాటు ఎస్‌ఎల్ వంటి పెట్రోలు గుర్తు కూడా అదే డబ్బా మీద ఉంటే పాత కారుకు అభ్యంతరం లేదు. డీజిల్ గుర్తు ఒక్కటే ఉంటే ఆ డబ్బా ట్రాక్టరుకే.

దుమ్ము సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తాండూరు రోడ్ల మీద కనిపించే తెల్లని రాతిపొడి భయపెడుతుంది గాని, సున్నపురాయి గట్టిదనం మోహ్స్ కొలతలో 3. ఇంజన్‌ను కోసేది మట్టిలో ఉండే, 7 గట్టిదనం గల ఇసుక రేణువు. రెండింటినీ ఆపవలసింది ఎయిర్ ఫిల్టరే. అది చిరిగితే ఏ ఆయిలూ రక్షించలేదు.

కొలవవలసినది పీడనం

ఇన్ని చూశాక కూడా మోత మిగిలితే, ఊహలు ఆపి కొలవడమే మార్గం. ఆయిల్ లైటు పీడనం బాగా పడిపోతే గాని వెలగదు కనుక, లైటు సెన్సారు విప్పి అదే రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజన్ కాగిన తర్వాత చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన విలువతో పోల్చాలి. సరిపోతే ఆయిల్‌ను వదిలి టాపెట్, టైమింగ్ చెయిన్, ఆల్టర్నేటర్ బేరింగు, సైలెన్సరు అతుకుల వైపు చూడాలి. తక్కువగా ఉంటే పంపో బేరింగులో అరిగాయి. ఒక మెట్టు చిక్కటి ఆయిల్ ఆ స్థితిలో ఇంజన్ పని చేయించే దాకా గడువు ఇవ్వగలదు, అంతవరకే దానికి సమర్థన ఉంది.

తీసిన ఆయిల్ 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కంచె గుంజలకు చెదపురుగుల మందుగా పూయడానికో కాలువ గట్టున పారబోయడానికో కాదు, గ్యారేజీ డ్రమ్ము దారిన గుర్తింపు పొందిన శుద్ధి కేంద్రానికి చేరవలసినది. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీద కూడా పెట్టారు. నీరూ పెట్రోలూ ఆవిరి చేసి, మసినీ ఖర్చయిన రసాయనాలనూ వేరు చేస్తే, మిగిలే మూల నూనె మళ్లీ కొత్త డబ్బాలోకి ఎక్కగల నాణ్యతతో ఉంటుంది. వాడకంలో చెడేవి ఎక్కువగా అందులో కలిపిన రసాయనాలే.